ప్రసూతి గదిలో సంప్రదింపు: ఖాబిలా సాక్ష్యం, స్త్రీ అనుమతి, వైద్య నిదర్శనం

ప్రసూతి గది తలుపు మూసుకున్న తరువాత లోపల జరిగినదానికి సాక్షి ఎవరు? ఈ ప్రశ్న నేటి ఆసుపత్రులలో పుట్టినది కాదు. హిజ్రీ రెండవ శతాబ్దపు ధర్మశాస్త్రవేత్తలే దీనిని ఎదుర్కొనవలసి వచ్చింది. బిడ్డ ప్రాణంతో పుట్టి, ఒక్కసారి ఏడ్చి కన్నుమూసిందా, లేక మృతశిశువుగానే పుట్టిందా అన్నదానిపై ఆ ఇంటి వారసత్వపు వాటాలు మారిపోతాయి. జనాజా నమాజు చేయాలా వద్దా అన్నదీ దానిపైనే ఆధారపడి ఉంటుంది. గదిలో ఉన్నది మాత్రం ప్రసవించిన తల్లి, ఆమెకు పురుడు పోసిన ఖాబిలా. అరబ్బీలో ఖాబిలా అంటే మంత్రసాని. ఉర్దూ మాట్లాడే ఇళ్ళలో దాయి.

పురుషులు చూడరాని విషయాలలో స్త్రీల సాక్ష్యమే చెల్లుతుందన్నది ఫుఖహాలు అంగీకరించిన సూత్రం. ఎందరు స్త్రీలు కావాలన్న దగ్గర మాత్రం అభిప్రాయభేదం వచ్చింది. హనఫీ మజ్‌హబ్‌లో నమ్మదగిన ఒక్క స్త్రీ మాట చాలు. హంబలీలదీ అదే అభిప్రాయం. మాలికీలు ఇద్దరిని, షాఫిఈలు నలుగురిని కోరారు. ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) ఇక్కడ ఒక సన్నని తేడా చూపారు. బిడ్డ ఏడ్చిందని ఖాబిలా చెబితే జనాజా నమాజుకు ఆ మాట చాలుననీ, వారసత్వానికి మాత్రం చాలదనీ అన్నారు. ఏడుపు అనేది చెవికి సంబంధించినది, దానిని పురుషుడు కూడా వినవచ్చును గదా అన్నది వారి వాదన. ఈ మాటను అంగీకరించనివారు బయటివారు కారు, వారి శిష్యులైన ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్ (రహ్మ)లే. ఆ గడియలో అక్కడ పురుషులు ఉండరు గనుక ఏడుపు విషయంలోనూ ఖాబిలా మాటే సాక్ష్యమని వారు తీర్పు చెప్పారు. గురువు తర్కాన్ని పట్టుకుంటే, శిష్యులు ప్రసూతి గదిని చూశారు. అది ఎలా ఉంటుందో తెలిసినవారెవరికైనా శిష్యుల మాటే సబబుగా తోస్తుంది.

ఖాబిలా మాట ఇలా చెల్లగా, తల్లి మాట సంగతి ఏమిటి? దివ్య ఖుర్ఆన్‌లో బఖరా సూరా 228వ ఆయత్, విడాకులు పొందిన స్త్రీలు తమ గర్భాలలో అల్లాహ్ సృష్టించినదానిని దాచరాదని ఆదేశిస్తుంది. దీనిని వ్యాఖ్యానించిన ఇబ్నె కసీర్ వంటి ముఫస్సిరులు, ఆ సంగతి ఆమె చెబితే తప్ప మరొకరికి తెలిసే మార్గం లేదు గనుక ఆ విషయంలో ఆమె మాటకే విలువ ఉన్నదని గ్రహించారు. దాచవద్దన్న ఆజ్ఞకు అర్థం ఉండాలంటే చెప్పినదానిని నమ్మే బాధ్యత ఎదుటివారిపై ఉండాలి. తన శరీరంలో జరుగుతున్నదాని గురించి స్త్రీ చెప్పే మాటను సాక్ష్యంగా స్వీకరించడమన్నది ఈ విధంగా షరీఅత్‌లో వేళ్ళూనినది.

అదే సూరాలో మరి అయిదు ఆయతుల తరువాత బిడ్డకు పాలు మాన్పించే ప్రసక్తి వస్తుంది. రెండేళ్ళ గడువుకు ముందే పాలు మాన్పించదలచితే తల్లిదండ్రులిద్దరూ పరస్పర అంగీకారంతో, సంప్రదించుకొని ఆ నిర్ణయం చేయాలి. అక్కడ వాడబడిన ‘తషావుర్’ అన్న పదమూ, ‘షూరా’ అన్న పదమూ ఒకే ధాతువు నుండి వచ్చినవి. షూరా అనగానే ఖిలాఫత్, రాజ్యపాలన, మజ్లిసులు మాత్రమే జ్ఞప్తికి వచ్చే పాఠకులకు, పాలు మరచే బిడ్డ విషయంలోనూ ఆ ఆదేశం ఉన్నదన్న సంగతి తరచు తప్పిపోతుంది. తలాఖ్ సూరా 6వ ఆయత్ ఇంకొక అడుగు ముందుకు వేసి, విడిపోయిన భార్యాభర్తలు కూడా బిడ్డ పాల విషయమై మంచితనంతో మాట్లాడుకోవాలంటుంది. ఈ రెండు ఆయతులూ భార్యాభర్తలను ఉద్దేశించినవే గాని గర్భిణిని, మంత్రసానిని ఉద్దేశించినవి కావు. అంతకు మించి వాటి నుండి లాగబోవడం సరికాదు. అయినా తల్లికీ బిడ్డకూ సంబంధించిన నిర్ణయాన్ని ఒక్కరే తీసుకోరాదన్న దృష్టి అందులో స్పష్టంగానే ఉన్నది.

వద్దన్న మందు

రోగి అనుమతి విషయంలో హదీసు గ్రంథాలలోని ఒక ఉదంతం ప్రత్యేకంగా పేర్కొనదగినది. మహాప్రవక్త (సల్లం) వారి చివరి జబ్బులో ఇంటివారు వారి నోటి పక్క నుండి మందు పోయబోయారు. అరబ్బులు దీనిని ‘లదూద్’ అంటారు. మహాప్రవక్త (సల్లం) వద్దని సైగ చేశారు. రోగి అన్న తరువాత మందంటే అయిష్టమే కదా అనుకొని వారు పోసేశారు. తేరుకున్న తరువాత మహాప్రవక్త (సల్లం), తాను వారించలేదా అని అడిగి, ఆ గదిలో ఉన్న ప్రతివారికీ తన కళ్ళెదుటే ఆ మందు పోయాలని ఆదేశించారు. ఆ సమయంలో అక్కడ లేని హజ్రత్ అబ్బాస్ (రజి)కు మాత్రం మినహాయింపు ఇచ్చారు. ఈ సంఘటనను చెప్పినవారు హజ్రత్ ఆయిషా (రజి). ఇమామ్ బుఖారీ (రహ్మ) దీనిని వైద్య ప్రకరణంలో పెట్టడంతో ఆగలేదు; గాయాలకు, ప్రాణనష్టానికి పరిహారాలను చర్చించే దియాత్ ప్రకరణంలోనూ చేర్చారు. ప్రేమతో చేసినదే అయినా, మేలు కోరి చేసినదే అయినా, వద్దన్నవాని నోట మందు పోయడాన్ని ఆయన ఏ కోవలో లెక్కించారో దీనినిబట్టి తెలుస్తున్నది.

సునన్ అబూ దావూద్‌లో కూడా దియాత్ ప్రకరణంలోనే మరొక హదీసు ఉన్నది. వైద్యుడుగా పేరెరుగనివాడు వైద్యం చేసి హాని కలిగిస్తే అతడే బాధ్యుడని దాని సారాంశం. ఈ రెండింటి ఆధారంగా తరువాతి ఫుఖహాలు వైద్యుని బాధ్యతకు కొలతలు ఏర్పరచారు. విద్య తెలిసి ఉండాలి, హద్దు మీరరాదు, అనుమతి ఉండాలి. ఇబ్నుల్ ఖయ్యిమ్ (1292–1350) ‘జాదుల్ మఆద్’లో వైద్యులను అయిదు తరగతులుగా విభజించి చర్చించాడు. వారిలో చివరివాడు విద్య బాగా తెలిసినవాడే, చేయి తప్పనివాడే, కాని అనుమతి లేకుండా కోసినవాడు. అతడు పరిహారం చెల్లించాలని తన మజ్‌హబ్ విద్వాంసులు అన్నట్లు చెబుతూనే, మేలు చేయబోయినవానిపై భారం వేయకూడదన్న వాదనకూ అవకాశం ఉన్నదని ఇబ్నుల్ ఖయ్యిమ్ రాశాడు. అంటే చిక్కు ఆనాడే ఉన్నది. వైద్యుని మంచి ఉద్దేశానికి ఎంత విలువ, రోగి అనుమతికి ఎంత విలువ అన్న ఆ తగవు ఆరు వందల ఏళ్ళ తరువాత న్యాయస్థానాలలో మళ్ళీ లేచింది.

1992లో జిద్దాలో జరిగిన ఏడవ సమావేశంలో అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖహ్ అకాడమీ, వివేకం, వయస్సు కలిగిన రోగికి చికిత్స చేయాలంటే ఆ రోగి అనుమతి అవసరమని తీర్మానించింది. భారత సుప్రీంకోర్టు 2008లో చెప్పిన తీర్పు ఇక్కడ జ్ఞాపకం చేసుకోదగినది. పరీక్ష కోసం మాత్రమే ఒప్పుకొన్న ఒక స్త్రీకి, ఆమె మత్తులో ఉండగా, బయట వేచివున్న తల్లి అనుమతి తీసుకొని గర్భాశయం తొలగించారు. వయస్సు వచ్చిన, తెలివిలో ఉండగలిగిన స్త్రీకి బదులుగా తల్లి ఇచ్చిన అనుమతి చెల్లదని కోర్టు స్పష్టం చేసింది. భర్త సంతకం, అత్తగారి ఒప్పుదల ఉంటే చాలునని భావించే కుటుంబాలు ఈనాటికీ కొల్లలు. చట్టమూ, ఫిఖహ్ కూడా వారి పక్షాన లేవు.

ఖాబిలా, హకీము

వైద్య గ్రంథాలలో ఖాబిలా స్థానం ఏమిటి? ఏడవ శతాబ్దపు అలెగ్జాండ్రియా వైద్యుడు పాలస్ అనువాదాల ద్వారా అరబ్బులకు సుపరిచితుడు. మంత్రసానులు తమకు వచ్చిన చిక్కులను అడగడానికి ఆయన వద్దకు వచ్చేవారట. అందువలన అరబ్బులు ఆయనను ‘అల్ ఖవాబిలీ’, అనగా మంత్రసానుల మనిషి అని పిలిచారు. వైద్యుడు తెలిసినవాడు, మంత్రసాని తెలియనిది అని మాత్రమే దీనిని అర్థం చేసుకోవడం పొరబాటు. ప్రసవాన్ని చూసినది ఆమె, గ్రంథం చదివినది ఆయన. ఒకరి జ్ఞానం మరొకరికి ప్రశ్న రూపంలోనే చేరింది.

కుర్తుబాకు చెందిన అబుల్ ఖాసిం జహ్రావీ (936–1013) రచించిన ‘తస్రీఫ్’ ముప్పై భాగాల గ్రంథం. శస్త్రచికిత్సకు కేటాయించిన ముప్పయ్యవ భాగంలో బిడ్డ అడ్డం తిరిగినప్పుడు, కాళ్ళు ముందు వచ్చినప్పుడు ఖాబిలా ఏమి చేయాలో వివరంగా ఉన్నది. స్త్రీల మూత్రాశయంలోని రాయిని తీయవలసి వస్తే నేర్పరి అయిన ఖాబిలాను వెదకి పట్టుకోవాలని కూడా ఆయన సలహా ఇచ్చాడు. పురుష వైద్యుని ముందు స్త్రీ సిగ్గుపడుతుందన్న సంగతిని ఆయన ఆటంకంగా విసుగుకోలేదు. వైద్యవిధానమే దానికి తగినట్లు మారాలనుకున్నాడు.

ఇబ్నె ఖల్దూన్ 1377లో రాసిన ‘ముఖద్దిమా’లో వృత్తులను వర్ణిస్తూ మంత్రసాని పనికి ఒక అధ్యాయమే కేటాయించాడు. ప్రసవించే స్త్రీ బిడ్డను ఇస్తున్నట్లు, ఈమె అందుకొంటున్నట్లు ఉంటుంది గనుక అందుకొనేది అన్న అర్థంలో ఖాబిలా అన్న పేరు వచ్చిందని ఆయన వివరణ. పుట్టిన బిడ్డకు పాలు మాన్పించేదాకా వచ్చే బాధల విషయంలో ఖాబిలాలకు నిపుణుడైన వైద్యునికన్నా ఎక్కువ తెలుసునని కూడా ఆయన నిస్సంకోచంగా రాశాడు. ఖాజీగా పనిచేసిన పండితుడు, నలుగురూ చిన్నచూపు చూసే వృత్తి గురించి ఇలా రాయడం అరుదైన విషయం.

నిదర్శనం మాటకు వస్తే, అబూ బకర్ రాజీ (865–925) పేరు తరచు వినిపిస్తుంది. మెదడు పొరల జ్వరంలో రక్తం తీయడం మేలు చేస్తుందా అని తేల్చుకోవడానికి ఆయన కొందరికి రక్తం తీసి, మరికొందరికి కావాలనే తీయకుండా వదలి ఫలితాలను పోల్చి చూశాడు. దీనిని పట్టుకొని ఆధునిక వైద్య ప్రయోగాలన్నీ మన పూర్వీకులే కనిపెట్టారని చాటుకోవడం కొందరు ముస్లిం రచయితలకు అలవాటయింది. అది అక్కరలేని ఆర్భాటం. రాజీ పోల్చి చూసిన పద్ధతి నిజంగా గొప్పది. అయితే ఆయన తీసిన రక్తం మేలు చేసిందనుకున్న నిర్ణయం నేటి విజ్ఞానం ముందు నిలవదు. పద్ధతి ఒకటి, ఫలితం ఒకటి. ఈ రెంటినీ వేరుచేసి చూడగలగడమే నిదర్శన శాస్త్రానికి మొదటి మెట్టు.

కైరో పాఠశాల

ఆధునిక కాలంలో ముస్లిం దేశాలలో ప్రసూతి వైద్యాన్ని ప్రభుత్వం తన చేతిలోకి తీసుకున్న తొలి ముఖ్యమైన ప్రయత్నం ఈజిప్టులో జరిగింది. ముహమ్మద్ అలీ పాషా కొలువులో 1825లో చేరిన ఫ్రెంచి వైద్యుడు క్లో బే 1827లో అబూ జాబల్‌లో వైద్య పాఠశాలను, 1832లో స్త్రీల కోసం మద్రసతుల్ హకీమాత్‌ను నెలకొల్పాడు. ఆనాటికి లండనులోగాని ప్యారిసులోగాని వైద్య కళాశాలలు స్త్రీలను చేర్చుకోలేదన్న సంగతి గమనార్హం. ఆరేళ్ళ చదువు అది. మొదట చదవడం, రాయడం నేర్పి, ఆ తరువాత శరీర నిర్మాణం, ప్రసూతి, మశూచి టీకాలు, సామాన్య చికిత్సలు బోధించేవారు. ఉత్తీర్ణులైనవారికి సైన్యంలో రెండవ లెఫ్టినెంటు హోదా, జీతం ఇచ్చేవారు. వైద్యాధికారులతో వివాహం కూడా ప్రభుత్వమే జరిపించేది.

ఇంతవరకు చదివినవారికి ఇది స్త్రీ విద్యా విజయంగానే కనిపిస్తుంది. అయితే మొదటి విద్యార్థినులు ఎవరు? తల్లిదండ్రులెవరూ తమ బిడ్డలను పంపలేదు. బానిసల సంతలో కొన్న సూడాన్, అబిసీనియా బాలికలతో పాఠశాల మొదలయింది. తరువాత అనాథ బాలికలు చేరారు. తమ శరీరం మీద తమకే హక్కు లేని ఆడపిల్లలకు ఇతర స్త్రీల శరీరాల విద్య నేర్పబడింది. వారు ఆ విద్యలో అద్భుతంగా రాణించారు. వారి చేతుల మీదుగా వేలకు వేలు పిల్లలకు మశూచి టీకాలు పడ్డాయి. ఇంటి లోపలి భాగాలకు పురుష వైద్యులు వెళ్ళలేనిచోట వారే వెళ్ళారు. పాఠశాల బాధ్యతలు నిర్వహించిన తమ్రహాన్ తరువాత ఆమె కూతురు జలీలా తమ్రహాన్ (మరణం 1899) అదే పదవిని అలంకరించి, ప్రసూతి విద్యపై అరబ్బీలో పుస్తకం రాసింది. ‘యఅసూబుత్తిబ్’ అనే వైద్య పత్రికకు రచనలు చేసింది. తాను చూసిన కాన్పులను తానే కాగితం మీద పెట్టిన అరబ్బీ రచయిత్రులలో ఆమె తొలి తరానికి చెందినది.

కాని హకీమాకు ప్రభుత్వం అప్పగించిన మరొక పని కూడా ఉన్నది. స్త్రీల మరణాలకు కారణం నిర్ధారించడం, పోలీసు కేసులలో స్త్రీలను పరీక్షించడం, గర్భస్రావం జరిగినచోట ఆరా తీయడం ఆమె విధులే. పాత దాయీలు ఆమె వద్ద పరీక్షకు నిలబడి లైసెన్సు తీసుకోవలసి వచ్చింది; కష్టమైన కాన్పులు వారి చేతి నుండి తప్పించబడ్డాయి. ఫుఖహాల గ్రంథాలలో ఖాబిలా సాక్ష్యం తల్లికీ బిడ్డకూ హక్కు సంపాదించి పెట్టేది. హకీమా సాక్ష్యం ఎక్కువగా పోలీసు ఠాణాకు చేరేది. ఆసుపత్రి ప్రసూతి వార్డుకు వచ్చినవారు మరో గత్యంతరం లేని పేద స్త్రీలే కావడంలో ఆశ్చర్యం లేదు. 1882లో బ్రిటిషువారు ఈజిప్టును ఆక్రమించిన తరువాత హకీమాల చదువు స్థాయి తగ్గి, నర్సు, మంత్రసాని శిక్షణగా కుదించుకుపోయింది. స్త్రీకి విద్య రావడం వేరు, స్త్రీ మాటకు విలువ రావడం వేరు అన్న భేదం కైరో చరిత్రలో ఎంత స్పష్టంగా కనబడుతుందో మరెక్కడా కనబడదు.

కైరో పాఠశాల నడుస్తున్న ఆ దశకాలలోనే వియన్నా నగరపు పెద్ద ఆసుపత్రిలో రెండు ప్రసూతి విభాగాలు ఉండేవి. మొదటిది వైద్య విద్యార్థులది, రెండవది మంత్రసానులది. 1841 నుండి 1846 దాకా మొదటి విభాగంలో బాలింత మరణాలు నూటికి దాదాపు 10, రెండవ దానిలో 4 లోపు. ఈ తేడా నగరంలోని పేద స్త్రీలకందరికీ తెలుసు. మొదటి విభాగంలో వేయవద్దని వారు మోకాళ్ళ మీద పడి వేడుకునేవారు. దారిలో ప్రసవించినా మేలేననుకునేవారు. ఆచార్యులు మాత్రం దానిని మూఢభయంగా కొట్టిపారేశారు. 1847 మే నెలలో సెమ్మెల్‌వైస్, శవపరీక్షల నుండి నేరుగా వచ్చే విద్యార్థుల చేత క్లోరిన్ సున్నపు నీటితో చేతులు కడిగించాడు. ఏప్రిల్‌లో నూటికి 18 దాటిన మరణాలు జూన్‌లో 2కు వచ్చాయి. గణాంకం తెలియని స్త్రీలు కళ్ళతో చూసి చెప్పినదే నిజమయింది.

గాజా నుండి ఆక్స్‌ఫర్డు

ఇరవయ్యవ శతాబ్దం మధ్యకు వచ్చేసరికి పాశ్చాత్య దేశాలలో కాన్పులు దాదాపు పూర్తిగా ఆసుపత్రులలోకి మారాయి. దానితో కొన్ని తంతులు స్థిరపడ్డాయి. వచ్చిన ప్రతి గర్భిణికీ వెంట్రుకలు గొరగడం, ఎనిమా ఇవ్వడం, వెల్లకిలా పడుకోబెట్టడం, అవసరమున్నా లేకున్నా కత్తెర వేసి కుట్లు వేయడం. ఎందుకని అడిగితే అది పద్ధతి అన్నదే జవాబు.

ఈ పద్ధతులను ప్రశ్నించిన ఉద్యమానికి ఒక మూలం పాలస్తీనా శరణార్థుల శిబిరాలలో ఉన్నదన్న విషయం ముస్లిం పాఠకులు తెలుసుకోదగినది. ఇయాన్ చామర్స్ అనే యువ బ్రిటిషు వైద్యుడు 1969, 1970 సంవత్సరాలలో గాజాలో ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ తరఫున పనిచేశాడు. తట్టు వైరస్ వ్యాధి గనుక దానికి యాంటీబయాటిక్ మందులు ఇవ్వరాదని ఆయనకు కళాశాలలో నేర్పారు. ఆయన అలాగే చేశాడు. కొందరు పిల్లలు చనిపోయారు. తట్టుతో పాటు వచ్చే ఊపిరితిత్తుల వ్యాధులను ఆ మందులు ముందుగానే ఆపగలవని చూపిన ప్రయోగాలు తాను గాజాకు వెళ్ళకముందే అచ్చయి ఉన్నాయని ఆయనకు తరువాత తెలిసింది. ఈ సంగతిని ఆయన దాచుకోలేదు. బహిరంగంగా, పలుమార్లు చెప్పుకున్నాడు.

1978లో ఆక్స్‌ఫర్డులో ప్రసూతి పరిశోధనా సంస్థకు అధిపతి అయిన తరువాత చామర్స్ తన సహచరులతో కలిసి గర్భిణుల చికిత్సపై ప్రపంచంలో జరిగిన తులనాత్మక ప్రయోగాలన్నిటినీ ఏరి కూర్చే పనికి పూనుకున్నాడు. మరుసటి సంవత్సరమే ఆర్చీ కోక్రేన్ అనే పరిశోధకుడు, నిదర్శనం వాడుకోవడంలో వైద్యశాఖలన్నిటిలోకీ ప్రసూతి శాఖదే అట్టడుగు స్థానమని ఎత్తిపొడిచాడు. చామర్స్, ఎన్‌కిన్, కైర్సె సంపాదకత్వంలో 1989లో రెండు పెద్ద సంపుటాలు వెలువడ్డాయి. మేలు చేసేవి, మేలు చేయవచ్చునని తోచేవి, ఇంకా తేలనివి, వదలివేయవలసినవి అని చికిత్సలు ఆ గ్రంథం చివర వర్గీకరించబడ్డాయి. దానికి ముందుమాట రాస్తూ కోక్రేన్ తన ఎత్తిపొడుపును ఉపసంహరించుకున్నాడు.

ఆ సంపుటాలకు ముడిసరుకు అందించినవారిలో మంత్రసానులు ఉన్నారు. గొరగడం వలన ప్రయోజనం లేదని 1980లో మోనా రామ్నీ చూపింది; ఆ మరుసటి ఏడు ఎనిమా సంగతీ తేల్చింది. జెన్నిఫర్ స్లీప్ అనే మంత్రసాని ఇంగ్లండులోని బెర్క్‌షైర్‌లో 1000 మంది స్త్రీలతో జరిపిన ప్రయోగం 1984లో అచ్చయింది. లాటరీ పద్ధతిన రెండు వర్గాలుగా విభజించి, ఒక వర్గానికి ధారాళంగాను మరొక వర్గానికి బిడ్డ క్షేమం కోసం తప్పనప్పుడు మాత్రమేను కత్తెర వేశారు. ధారాళంగా వేసినందువలన తల్లికిగాని బిడ్డకుగాని మేలు కనబడలేదు. గాజాలో వైద్యుడు తెలుసుకున్నదీ బెర్క్‌షైర్‌లో మంత్రసాని తేల్చినదీ ఒకటే విషయం: పుస్తకంలో ఉన్నంత మాత్రాన, పెద్దలు చెప్పినంత మాత్రాన ఒక చికిత్స మంచిదైపోదు. 2016లో కోక్రేన్ సంస్థ 15 ప్రయోగాలను, 17,674 మంది స్త్రీల అనుభవాన్ని కలిపి పరిశీలించి, గర్భం మొదలు కాన్పు తరువాతి దాకా ఒకే మంత్రసాని లేక ఒకే చిన్న బృందం చూసుకున్నచోట నెలలు నిండని కాన్పులు, పరికరాలతో చేసే కాన్పులు తగ్గాయని కనుగొన్నది.

అరబ్బు దేశాల పరిస్థితి ఏమిటన్నది కూడా పరిశోధకులు చూశారు. ఈజిప్టు, లెబనాన్, సిరియా, పశ్చిమ తీరపు ఆసుపత్రుల వాడుకలపై 2005లో అచ్చయిన అధ్యయనం, నిదర్శనం వద్దన్న తంతులు అక్కడ ఇంకా కొనసాగుతున్నాయనీ, నిదర్శనం మెచ్చుకున్న తోడు వంటివి నిరాకరించబడుతున్నాయనీ చూపింది. జలీలా తమ్రహాన్ దేశంలో కాన్పు గదిలోకి కన్నతల్లిని కూడా రానివ్వని ఆసుపత్రులు ఉండటం విచారకరం.

నిదర్శనం దొరికిన తరువాత దానిని స్త్రీ ముందు పెట్టడం ఎలా? బ్రిటన్‌లో 1993లో ప్రభుత్వ నివేదిక ఒకటి, ప్రసూతి సేవలకు స్త్రీయే కేంద్రం కావాలని, తెలిసి ఎంచుకునే అవకాశం ఆమెకు ఉండాలని కోరింది. ఆ తరువాత నిదర్శనాలను తేట భాషలో వివరించే కరపత్రాలు తయారయ్యాయి. వేల్స్‌లోని 13 ప్రసూతి కేంద్రాలలో వాటిని పరీక్షించగా 2002లో వచ్చిన ఫలితం నిరాశ కలిగించింది: కరపత్రాలు పంచినచోట, పంచనిచోట తేడా లేదు. పరిశోధకులు కాన్పు గదులలోను, పరీక్ష గదులలోను కూర్చొని గమనిస్తే కారణం కనబడింది. మంత్రసానులకు తీరిక లేదు. కరపత్రాలు ఇతర కాగితాల మధ్య చుట్టి ఇవ్వబడ్డాయి. వైద్యులు ఇష్టపడేది ఏదో మంత్రసానికి తెలుసు, ఆమె స్త్రీని మెల్లగా అటే నడిపించేది. పేరుకు ఎంపిక, జరిగేది విధేయత. సంప్రదింపు కాగితంతో రాదు, ఇద్దరు మనుషులు కూర్చోవాలి. కూర్చోవడానికి వ్యవధి కావాలి, రెండవ మాట చెప్పినా తిట్టరన్న ధీమా కావాలి.

2015లో బ్రిటన్ సుప్రీంకోర్టు మాంట్‌గోమరీ కేసులో ఈ విషయాన్ని చట్టంగా మార్చింది. మధుమేహం ఉన్న, పొట్టి శరీరం గల ఒక గర్భిణికి మామూలు కాన్పులో బిడ్డ భుజాలు ఇరుక్కునే ప్రమాదం నూటికి 9 నుండి 10 దాకా ఉన్నా వైద్యురాలు చెప్పలేదు; చెబితే సిజేరియన్ కోరుతుందని ఆమె అభిప్రాయం. ఏది చెప్పాలన్నది వైద్యుల ఆనవాయితీని బట్టి కాక, ఆ స్త్రీ స్థానంలో ఉన్నవారికి ఏది ముఖ్యమన్నదాన్ని బట్టి తేలాలని కోర్టు నిర్ణయించింది. ఇక్కడ స్త్రీ కోరగలిగి ఉండినది సిజేరియన్ అన్నది మరువరాదు. సంప్రదింపు అంటే అన్నివేళలా కత్తి వద్దనడమని కొందరు పొరబడుతుంటారు.

ముస్లిం కుటుంబాలకు దగ్గరగా ఉన్న ఒక ఉదాహరణ ఖర్జూరం. మర్యమ్ సూరాలో, ప్రసవ వేదన హజ్రత్ మర్యమ్ (అలైహిస్సలాం)ను ఖర్జూర చెట్టు మొదలు వద్దకు చేర్చడం, పండ్లు తినమన్న ఆదేశం రావడం అందరికీ తెలిసినవే. 2011లో జోర్డాన్ పరిశోధకులు, చివరి నాలుగు వారాలు రోజుకు ఆరు ఖర్జూరాలు తిన్న 69 మంది గర్భిణులను, తినని 45 మందితో పోల్చి, తిన్నవారికి కాన్పు సులువుగా మొదలయిందన్నారు. ఈ వార్త మసీదుల దాకా పాకింది. అయితే ఆ స్త్రీలు లాటరీ పద్ధతిన విభజింపబడినవారు కారు. తిన్నవారు ఇతర విషయాలలోనూ భిన్నమైనవారై ఉండవచ్చు. 2017లో మలయా విశ్వవిద్యాలయం వారు ఆ పద్ధతి పాటించి చూడగా, కాన్పు తనంత తాను మొదలవడంలో తేడా కనబడలేదు; నొప్పులను మందుతో వేగపరచవలసిన అవసరం మాత్రం కొంత తగ్గింది. ఖుర్ఆన్ సత్యాన్ని నిరూపించడానికి మొదటి అధ్యయనాన్ని ఎత్తి చూపి రెండవదాన్ని దాచడం ధర్మమూ కాదు, శాస్త్రమూ కాదు. మధుమేహం ఉన్న గర్భిణికి ఎన్ని పండ్లు తగునన్నది ఆమె, ఆమెను చూసేవారు కలిసి తేల్చుకోవలసిన విషయం.

తెలుగు ప్రాంతాల వరకు వస్తే, 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం కాన్పులలో సిజేరియన్లు దేశంలో నూటికి 21.5 ఉండగా ఆంధ్రప్రదేశ్‌లో 42.4, తెలంగాణలో 60.7. తెలంగాణ ప్రయివేటు ఆసుపత్రులలో 81.5. జనాభా మొత్తం మీద నూటికి 10 దాటిన తరువాత మరణాలు తగ్గడానికి ఈ శస్త్రచికిత్సలు తోడ్పడుతున్నట్లు ఆధారం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ప్రకటించింది. పది కాన్పులలో ఎనిమిదింటికి కోత అవసరమయ్యేటట్లుగా ఏ ప్రాంతపు స్త్రీల శరీరాలూ ఉండవు. నొప్పులకు భయపడి అడిగేవారున్నారు, రాత్రివేళ వైద్యులు లేక చేసేవి ఉన్నాయి, మొదటి కాన్పు కోత గనుక రెండవదీ కోతే అన్న అలవాటు ఉన్నది. వీటిలో స్త్రీతో కూర్చొని, లాభనష్టాలు చెప్పి, ఆమె మాట విని చేసినవి ఎన్ని అన్నది ఏ సర్వేలోనూ ఉండదు.

2017లో తెలంగాణ ప్రభుత్వం యూనిసెఫ్, హైదరాబాదులోని ఫెర్నాండెజ్ ఆసుపత్రి సహకారంతో 30 మంది నర్సులకు మంత్రసాని విద్యలో పూర్తి శిక్షణ మొదలుపెట్టింది. 2018 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం దేశమంతటికీ ఇటువంటి సేవల మార్గదర్శకాలు విడుదల చేసింది. అంతకు ముందు, 2016లోనే, ప్రభుత్వ ఆసుపత్రులలో కాన్పు సమయాన తోడు ఒకరిని అనుమతించాలని కేంద్రం సూచించింది. ఆ తోడు స్వయంగా ప్రసవ వేదన అనుభవించిన స్త్రీ అయి ఉండాలి. గోప్యతకు వీలున్నచోట భర్త కూడా ఉండవచ్చు. ఒకే హాలులో వరుసగా మంచాలు వేసి, మధ్య తెర కూడా లేని ప్రసూతి వార్డులలో ఆ వీలు కల్పించడం ఎలాగన్నది ఆసుపత్రుల పని. తెర ఖరీదు ఎక్కువేమీ కాదు.